లేని గడ్డ

కరిగిందనాలా, రాలిందనాలా, ముందు అది తేల్చుకోవాలి. అమ్మ అదొక్కటి చెప్పలేదు. గడ్డ ఎంత పెద్దదో చెప్పింది, నిమ్మకాయంత అని వేళ్ళు ముడిచి చూపించింది. ఏ పక్కన ఉండేదో చెప్పింది, బొడ్డుకు ఎడమ పక్కన. నొప్పి ఎట్లా లేచేదో, అన్నం ఎట్లా సహించేది కాదో కూడా చెప్పింది. పోయిన తీరు మాత్రం బిడ్డకే వదిలేసింది, ఎంఏ ఇంగ్లిష్ చదివినదానివి ఆ మాత్రం చెప్పుకోలేవా అన్నట్టు. జెస్సికా ఆడవాళ్ళ వైపు చాప మీద మూడో వరసలో కూచుని, అమ్మ పెట్టెలోంచి తీసిచ్చిన తెల్లచీర కొంగు మోకాళ్ళ మీద సర్దుకుంటూ, కరగడమే నయం అనుకుంది. రాలిందంటే ఎక్కడ రాలింది, ఎప్పుడు రాలింది, ఎవరు చూశారు అని అడుగుతారు. కరిగినదానికి సాక్షులు అక్కర్లేదు. పాట నడుస్తోంది. కంజీర మోత, డోలక్ మోత, కీబోర్డు అబ్బాయి ఒకే ముక్క పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తున్నాడు, చరణం అయిపోగానే పాస్టరయ్య మళ్ళీ మొదటికి తెస్తున్నాడు. ఈ పాట అయితే కానుకల సంచి తిరుగుతుంది. సంచి తిరిగాక సాక్ష్యం. ఇవాళ ఒక్కటే సాక్ష్యం, థాయిలాండ్ నుంచి వచ్చిన మన సహోదరి జెస్సికాది అని ఆరాధన మొదట్లోనే ప్రకటించారు. పైన రేకులు వేడెక్కి చిటపటమంటున్నాయి. సందు చివర మార్కెట్ యార్డుకు పోయే పత్తి లారీ ఏదో ఇరుక్కున్నట్టుంది, ఆగకుండా హారన్ కొడుతున్నాడు. కిటికీలోంచి వచ్చే ఎండలో పత్తి నూగు తేలుతూ వచ్చి ఆడవాళ్ళ ముసుగుల మీద వాలుతోంది. ఎవరూ దులుపుకోవడం లేదు.

ముందు వరసలో అమ్మ వీపు. ఆ వీపును చూస్తే అమ్మ పాడుతోందో లేదో చెప్పొచ్చు, ఇప్పుడు పాడటం లేదు, వింటోంది, వెనక మూడో వరసలో బిడ్డ గుండె ఎట్లా కొట్టుకుంటోందో వింటోంది. ఏఎన్ఎమ్‌గా పనిచేసి రిటైరైన సుభాషిణమ్మ చెయ్యి పెట్టి చూసి గడ్డ అన్నదంటే అది గడ్డే. కాశిబుగ్గలో సగం మంది ఆడవాళ్ళ కడుపులు ఆ నాలుగు వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళే, జెస్సికా వచ్చిన పొద్దున, సామాను ఇంకా హాల్లోనే ఉండగా, స్నానాల గది తలుపు లోపలినుంచి గడియపెట్టి, మామిడిపండును నొక్కి చూసినట్టు ఆమె పొత్తికడుపును నొక్కి చూశాయి. గడ్డ కోసం కాదు. అది రాకముందు ఫోన్లోనే అడిగింది, ఏమైందే అని. ఏం కాలే అంటే, ఏం కాకుంటే ఎందుకొస్తవ్ అన్నది. ఎవడన్న ఏమన్న అన్నడా. లేదు. జీతం ఇస్తలేరా. ఇస్తాన్రు. తర్వాత చాలా మెల్లగా, నెల తప్పిందా అని. ఆ మెల్లదనమే ఇంకా చెవిలో ఉంది. లేదమ్మా, నాకు ఉండబుద్ధి అయితలేదు, గంతే అన్నది తను. గంతే అంటే ఎట్లనే, గంతే అని సంఘంల ఏం చెప్పాలె. వేళ్ళు ఏమీ దొరక్క బయటికి వచ్చాక, అమ్మ చెంబుతో చేతులు కడుక్కుంటూ, ఎట్లాగూ అందరి కళ్ళు కడుపు మీదికే పోతయి, కడుపుల గడ్డ అందాం అన్నది. అంత పొందికగా అన్నది, కూరలో ఉప్పు చాలలేదు ఇంకింత వేద్దాం అన్నట్టు. నాన్న ఆ రోజు నుంచి ముఖం చూడడు. అన్నం తిన్నదా అది అని అమ్మను అడుగుతాడు, అది పక్కనే నిలబడి ఉండగా. ఇప్పుడు మగవాళ్ళ వైపు గోడకానుకుని కళ్ళు మూసుకున్నాడు పౌలు మాస్టారు, ప్రార్థనలో ఉన్నట్టే ఉన్నాడు, ప్రార్థనలో ఉన్నవాళ్ళ దవడ అట్లా బిగుసుకోదు.

ఆ గోడ మీదే ఫ్లెక్సీ. ఇంకా తీయలేదు. ఒక మూల ఊడి, పాట గాలికి కొట్టుకుంటోంది. విమానం బొమ్మ, పక్కన తన ఫోటో, కింద ఎర్రక్షరాల్లో విదేశీ సేవకు మన సంఘపు ప్రథమ ఫలం. సేవ అని తను అనలేదు. ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం, ఏడాది కాంట్రాక్టు అని మాత్రమే చెప్పింది. బౌద్ధుల దేశం గదా, అక్కడ నీ బతుకే వాక్యం అన్నాడు పాస్టరయ్య, అందరూ ఆమెన్ అన్నారు. పోయే ముందు ఆదివారం తలమీద ఇరవై చేతులు పెట్టి ప్రార్థన చేశారు, చేతుల బరువుకు మెడ వంగిపోయింది, ఎవరి చేతికో వెల్లుల్లి వాసన. వెనక నుంచి కీబోర్డు అబ్బాయి పెళ్ళాం సౌమ్య ఎవరితోనో అంటున్నది అప్పుడే వినబడింది. థాయిలాండ్‌ల మసాజులే అనుకున్న గని బళ్ళు గూడ ఉంటయా చెల్లె. కిసుక్కుమన్న నవ్వు. అయినా ఆ చేతుల కింద తనకు ఆనందం కలిగింది, అది ఒప్పుకోవాలి. ఒక్కసారి అందరూ తన పేరు పలికారు. ఎంఏ చదివిన యూనివర్సిటీలో రెండేళ్ళు ఎవరూ పలకలేదు ఆ పేరును అట్లా. ఉద్యోగం ఇప్పించిన హైదరాబాద్ ఏజెన్సీవాడు కూడా పేరు చూసే మురిసిపోయాడు. జెస్సికా, బాగుంది మేడమ్, ఇది నడుస్తది, యమున అనో మొగిలమ్మ అనో ఉంటే కష్టమయ్యేది. అక్కడ బడి గేటు పక్కన టీచర్ల ఫోటోలు పెట్టిన బోర్డు మీద తన ఫోటో కింద వేరే దేశం జెండా అతికించారు. దక్షిణాఫ్రికా జెండా. మొదటి రోజు దాని ముందు నిలబడి, ఇది ఎవరో పొరపాటున అంటించారు అనుకుంది. కోఆర్డినేటరమ్మ నవ్వి, ఇండియా అంటే ఇంగ్లిష్ రాదనుకుంటారు, తల్లిదండ్రులు అడిగితే ఊరికే నవ్వండి టీచర్, ఏం చెప్పకండి అన్నది. నవ్వింది. రోజూ పొద్దున గేటు దగ్గర తలకు ఏనుగు చెవుల పట్టీ పెట్టుకుని, స్పీకర్లో పాట వస్తుంటే చేతులూపుతూ, కార్లు దిగే పిల్లలకు వంగి వంగి నమస్కరిస్తూ నవ్వింది. కార్లలోంచి తల్లులు ఫోన్లు పెట్టి వీడియో తీసుకునేవాళ్ళు. ఎంఏలో చదివిన నాటకాలు, నవలలు, రాసిన పేపర్లు ఏవీ గుర్తొచ్చేవి కావు, చెవుల పట్టీ కింద చెమట కారి కంట్లో పడటం ఒక్కటే. అది బాధ కూడా కాదు. బాధ అయితే చెప్పుకునేది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, మంచి గది ఇచ్చారు, పిల్లలు ఒళ్ళో ఎక్కి కూచునేవాళ్ళు. అదే కదా ఇప్పటి చిక్కు. ఏమైంది అని అడిగితే చూపించడానికి ఏమీ లేదు, ఒక్క వాత లేదు, ఒక్క గీరు లేదు. మనిషి సగంలో లేచి రావాలంటే నెత్తురన్నా కారాలి, కడుపన్నా రావాలి, గడ్డన్నా లేవాలి.

"జెస్సీ."

పక్కన శకుంతల. ఎప్పుడు జరిగి వచ్చిందో, చాప మీద మోకాలు మోకాలికి ఆనించి కూచుంది. తొర్రూరు నుంచి వచ్చి ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే శకుంతల, అమ్మను వదినె అని పిలుస్తుంది, అందుకే తనకు అత్త. చీర కొంగు కింద తలకు గట్టిగా నల్లగుడ్డ చుట్టుకుంది, మందు ఎక్కించినప్పటి నుంచి వెంట్రుక లేదు. కనుబొమలు కూడా లేవు, ముఖం తుడిచేసిన పలకలా ఉంది. రొమ్ములో గడ్డ. ఆమెది ఉన్న గడ్డ. తను వచ్చిన వారం, ఇంకా ఇల్లు కదలకముందే, తన లేని గడ్డ కోసం సంఘమంతా ఉపవాసం పట్టినప్పుడు, అందరూ సాయంత్రానికి చాయ్ తాగి పాలు తాగి ఆపితే, శకుంతల మూడు దినాలు గుటక నీళ్ళు మింగకుండా ఇక్కడే ఈ చాప మీదే పడుకుందట, మూడోనాడు కళ్ళు తేలేస్తే కొడుకు మల్లికార్జున్ వచ్చి ఆటోలో వేసుకుపోయాడట. ఎంత ప్రేమ చూడే నీ మీద అని అమ్మ చెప్పింది ఆ సంగతి, తలదువ్వుతూ. దువ్వెన ఆగలేదు.

"గది ఎట్ల వోయింది బిడ్డా? కరిగిందా, లేకుంటె పడిపోయిందా?"

"చెప్త గదా అత్తా, అక్కడ."

"జర నాకు ముందుగాల చెప్పరాదు. ఎట్ల వోతదో ఎరుకైతె నేనుగూడ చూసుకుంట. నాది పొద్దుగాల మెత్తగయినట్టు అనిపిచ్చింది. మళ్ళ గట్టిగనే ఉన్నది."

అని పైకి చప్పట్లు కొడుతూనే ఉంది, పాట తాళం తప్పకుండా. చేతులు సన్నబడి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఈమె నన్ను చూసి మెత్తబడిందని తన రొమ్ము నొక్కుకుని చూసుకుంటోంది, అమ్మ వేళ్ళు నా కడుపును నొక్కినట్టే. ఎక్కడో నవ్వు వచ్చింది జెస్సికాకు, గొంతులోనే పట్టుకుంది, అది నవ్వు కాదేమో, ఏనుగు చెవుల కింద వచ్చేది కూడా ఇదే, దానికి పేరు లేదు.

"మంగళారం రమ్మన్నరు దవాఖానల. కోస్తరట. నేను వోను," అన్నది శకుంతల. "మల్లిగాడు బయట ఆటోల కూసున్నడు. లోపటికి రాడు గని మైకుల ఇంటడు. ఆ పిల్లకు పోయిందని ఆ పిల్ల నోటితోని చెప్తె నీ మాట ఇంట, ఇగ నిన్ను ఏమనను, నీ ఇష్టమే అమ్మా అన్నడు. ఒట్టేసిండు."

అయితే ఈ సాక్ష్యం అమ్మ పరువు కోసం కాదు. ఇంతసేపూ అట్లా అనుకుంది. అమ్మ పరువు, నాన్న దవడ, ఫ్లెక్సీ మూల, ఇవే అనుకుంది. బయట రేకుల మీద కట్టిన మైకు హారన్ కింద ఒకడు ఆటోలో కాళ్ళు చాపుకుని, తన నోట్లోంచి వచ్చే ఒక్క మాట కోసం కూచున్నాడు. కరిగింది అంటే తల్లిని ఇంటికి తీసుకుపోతాడు. మంగళవారం ఇంట్లోనే ఉంచుతాడు. తర్వాత ఆమె ఎన్నాళ్ళు ఉంటుందో, ఎట్లా పోతుందో, ఆ పోయే తీరు. జెస్సికా చాప మీద అరచేయి ఆనించింది, చాప ఈనెలు చర్మంలో దిగబడ్డాయి. థాయిలాండ్‌లో చివరి రోజు పొద్దున కూడా ఇట్లాగే చేయి ఆనించింది, బైక్ టాక్సీవాడి వీపు మీద. బడి గేటు కనబడింది, పాట వినబడింది, ఏనుగు చెవులు సంచిలో ఉన్నాయి, దిగాలి, కాలు దిగలేదు. ముందుకు పోనివ్వు అన్నది. ముందుకంటే ఎక్కడికి అని అతను అడగలేదు, పోనిచ్చాడు. గేటు పక్క నుంచి పోతుంటే ఒక పిల్ల, ముందు పళ్ళు ఊడిన పిల్ల, బొమ్మ గీసిన కాగితం పట్టుకుని తన కోసం నిలబడి ఉంది, తనను చూసింది, చేయి ఊపింది, టీచర్ ఆగుతుందనే ఊపింది. తను తల తిప్పుకుంది. మధ్యాహ్నం కోఆర్డినేటరమ్మకు మెసేజ్ పెట్టింది, నేను ఇక రాను అని. ఎందుకు, ఆగు, మాట్లాడదాం, ఒప్పందం ఉంది కదా, పిల్లలు ఏమైపోవాలి, ఇట్లాంటివేవో వస్తాయని ఫోన్ అరచేతిలో పట్టుకుని కూచుంది, వస్తే ఏం చెప్పాలో వాక్యాలు కూడా కూర్చుకుంది, మంచి వాక్యాలు. సరే టీచర్, తాళం చెవి వాచ్‌మన్‌కు ఇచ్చిపొండి అని వచ్చింది. పక్కన ఒక పువ్వు బొమ్మ. వారం తిరగకముందే బడి పేజీలో ఆ బోర్డు ఫోటో కనబడింది. అదే జెండా, దాని మీద వేరే ముఖం, ఎవరో, తనకంటే కొంచెం తెలుపు. పక్కన పిల్లలు అట్లాగే నవ్వుతున్నారు, ముందు పళ్ళు ఊడిన పిల్ల కూడా. ఒక్కరైనా చేయి పట్టి ఆపి ఉంటే. ఆపి ఉంటే వాళ్ళను బతుకంతా తిట్టుకునేది. తిట్టుకోవడానికి ఒక ముఖం ఉండేది. అది కూడా ఇవ్వలేదు ఎవరూ.

పాట అయిపోయింది. కానుకల సంచి ఆడవాళ్ళ వైపు మొదలైంది, వెల్వెట్ సంచి, చేతిలోంచి చేతిలోకి, ముడిచిన పిడికిళ్ళు లోపలికి పోయి ఖాళీగా బయటికి వస్తున్నాయి. అమ్మ వెనక్కి తిరిగి ఒక్క క్షణం చూసింది, చూసి కుడిచేతి వేళ్ళు నిమ్మకాయంత ముడిచి చూపించి మళ్ళీ ముందుకు తిరిగింది. పరీక్ష హాలు బయట నిలబడి మర్చిపోయిన జవాబు అందిస్తున్న తల్లిలా.

"అత్తా," అన్నది జెస్సికా, పెదవులు మాత్రమే కదిలిస్తూ. "నాకు గడ్డ లేకుండె. అమ్మ అబద్ధం చెప్పింది. అసలేం లేకుండె."

శకుంతల సంచిని అందుకుని, రూపాయి బిళ్ళ వేసి, పక్కకు అందించింది. తొందరపడలేదు.

"ఎరుకే," అన్నది.

"ఎరుకనా?"

"నువ్వు మొదటి ఐతారం ఇక్కడికి వచ్చిన్నాడే చూసిన. నీ మొకంల రోగం ఎక్కడున్నది? రోగమున్నదానికి ఎరుకగాదా. ఎట్ల వోయిందని అడిగింది నువ్వు చెప్తవా లేదా చూద్దామనే."

"మరి నాకోసం ఉపాసం..."

"గప్పుడు నిన్ను ఇంక చూడలే, తెల్వకుండె. నీళ్ళు గూడ ముట్టలే నీ పేరు మీద. పోనీ తియ్యి." కనుబొమల్లేని ముఖం ఇటు తిరిగింది. నవ్వుతోందో లేదో తెలియడం లేదు, కనుబొమలు లేకపోతే నవ్వు సగమే తెలుస్తుంది. "చెప్పు అయినా. పోయిందని చెప్పు."

"సచ్చిపోతవత్తా."

"గా మందు నీకెక్కియ్యలే. పేగులు నోట్లకస్తయి. నోరంత పుండు, ఉమ్మి మింగరాదు. ఇంక మిగిలినయట, కోసినంక మళ్ళ ఎక్కిస్తరట, దాని మీదికెల్లి కరెంటు పెడ్తరట. నాతోని గాదు. గాదు అంటె ఎవ్వలు ఇంటరు? ఓర్చుకో అంటరు. డాక్టరు ఓర్చుకో అంటడు, మల్లిగాడు ఓర్చుకో అంటడు, మీ అమ్మ ఓర్చుకో అంటది. దేవుడు బాగు చేసిండంటె మాత్రం నోరు మూస్తరు." మోకాలు ఇంకొంచెం గట్టిగా ఆనింది. "నువ్వు గూడ నడిమిట్ల వదిలేసి వస్తివి గద. నీతోని గాలే, వస్తివి. ఎందుకొచ్చినవని నేనడిగిన్నా? సంఘంల అందరడిగిన్రు. నేనడిగిన్నా బిడ్డా?"

అడగలేదు. నిజమే, ఈమె ఒక్కతే అడగలేదు. మొదటి ఆదివారం చెయ్యి పట్టుకుని, వచ్చినవా, మంచిది, అన్నం తిను అన్నది. ఈ రేకుల కింద తనను లోపలి దాకా తెలుసుకున్న మనిషి ఈమె, ఈమెకు తను అర్థమైనట్టు అమ్మకు ఏ జన్మకూ అర్థం కాదు. ఏమీ చూపించలేని బాధ ఒకటి ఉంటుందని, కాలు దిగని పొద్దు ఒకటి ఉంటుందని ఈమెకు తెలుసు. తెలుసు కనుకే అడుగుతోంది. ఇవ్వవచ్చు. ఒక్క మాట. కరిగింది. తనకు అబద్ధం కష్టం కాదు, తలమీద చెవులు పెట్టుకుని వేరే దేశపు జెండా కింద నవ్విన ముఖం ఇది. చెప్తే అందరూ ఏడుస్తారు, స్తోత్రం అంటారు, అమ్మ వీపు వదులవుతుంది, నాన్న రేపు పొద్దున ముఖం చూస్తాడు, ఏమే జెస్సీ చాయ్ తాగుతవా అంటాడేమో. శకుంతల హాయిగా ఇంటికి పోతుంది, పువ్వు బొమ్మ పంపినట్టు పంపొచ్చు, సరే అత్తా, తాళం చెవి ఇచ్చిపో. ఎంత సులువు. ఎంత దయగా కూడా ఉంటుంది చూసేవాళ్ళకు. శకుంతల చేయి ఎప్పుడు పట్టుకుందో మణికట్టు మీద ఉంది, ఎముకలు, వేడి. ఆ వేడి మీద ఉన్నట్టుండి అసహ్యం పుట్టింది, ఆమె మీద కాదు, ఆమె మీద కూడా. నన్నే ఎందుకు అడుగుతవు, ఇంతమంది ఉండగా. సగంలో పారిపోయినదాన్ని కనుక పారిపోవడానికి చీటీ రాసిస్తననుకున్నవా. ఆమె చావు ఎట్లా ఉంటుందో ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది, అందులో తన మాట మైకు హారన్‌లోంచి వస్తున్నట్టే మోగింది. దాని వెనకే ఇంకో శకుంతల కనబడింది, కోసిన రొమ్ముతో, పుండు నోటితో, బతికి, ఈ చాప మీదే, తనను చూస్తూ. ఈ రెండో చూపును కోరుకుంటున్నానని తెలిసి జెస్సికాకు తన మీద తనకే భయం వేసింది. ఇది మంచితనం కాదు. మంచితనమైతే లోపల ఇంత కసి ఉండదు.

"సహోదరి జెస్సికా ముందుకు రావాలె," అన్నాడు పాస్టరయ్య. "ప్రభువు ఆమె గర్భాన్ని ముట్టిన సంగతి ఆమె నోటితోనే విందాం."

మణికట్టు మీద వేళ్ళు బిగిశాయి. చెప్పు బిడ్డా, నీ కాల్మొక్త అన్నది శకుంతల, పైకి చిరునవ్వుతో, చుట్టుపక్కలవాళ్ళు ప్రోత్సహిస్తోంది అనుకునేట్టు. జెస్సికా ఆ వేళ్ళను ఒక్కొక్కటి విడదీసింది. చిటికెన వేలు కొంచెం గట్టిగా తీయవలసి వచ్చింది, శకుంతల నొప్పికి పళ్ళు బిగించింది. జెస్సికా లేచింది. చాపల మీద ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నారు, ఎవరో చీర కుచ్చిళ్ళు తాకి కళ్ళకద్దుకున్నారు, సౌమ్య తాకింది, మసాజుల సౌమ్య. అమ్మ పక్క నుంచి పోతుంటే అమ్మ పెదవులు కదిలాయి, మెత్తగ చెప్పు, ఏడువు జర అని. పాస్టరయ్య మైకు చేతికిచ్చి పక్కకు జరిగాడు. మైకు మీద ఎవరి ఉమ్మో తడిగా ఉంది. ఎదురుగా తెల్లముసుగులు, వాటి మీద పత్తి నూగు, గోడకు నాన్న, తలుపులోంచి ఆటో ముందు చక్రం, దాని మీద చాపిన ఒక కాలు. ఆ కాలు ఊగుతున్నదల్లా ఆగింది.

"అందరికీ వందనాలు," అన్నది జెస్సికా. బయట మైకు హారన్ ఆ మాటను ఒక అర క్షణం ఆలస్యంగా అన్నది. "నా కడుపుల గడ్డ లేకుండె. ఎన్నడు లేకుండె. నాకు ఆ నౌకరి చెయ్యబుద్ధి కాలే, నడుమల ఇడిసిపెట్టి వచ్చిన. నాకు దేవుడు ఏం బాగు చెయ్యలే." స్తోత్రం అనబోయి ఒకరిద్దరు సగంలో ఆగారు. అమ్మ తల దించుకోలేదు, అట్లాగే చూస్తోంది, ముడిచిన వేళ్ళు ఒళ్ళో విప్పుకున్నాయి. "మల్లన్నా, నీకే చెప్తాన్న. మీ అమ్మ బతిలాడినా ఇనకు. మంగళారం తీస్కపో. రానంటె ఎత్తుకపో."

పాస్టరయ్య చేయి మైకు కోసం వచ్చింది. ఆటో మీది కాలు కిందికి దిగింది. మూడో వరసలో శకుంతల కొంగు జారి నల్లగుడ్డ చుట్టిన తల బయటపడింది, సర్దుకోవడం లేదు, పెదవులు మెదులుతున్నాయి, ప్రార్థన కాదు. జెస్సికా మైకును పాస్టరయ్య చేతిలో పెట్టి, కింద చూడకుండా, గోడ చూడకుండా, శకుంతల తిట్టేది తిన్నగా తగిలేట్టు ముఖం ఆమె వైపు తిప్పి నిలబడింది.